ఒడియా చదవడం రాని తల్లి బిడ్డకు చదువు చెప్పలేదా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. పెళ్లయ్యాక బరంపురం వచ్చాను. మా బాబుకు ఏడేళ్లు. ఒడియా బడిలో రెండో తరగతి. క్లాసులో నోరు విప్పడని, చదవడం, లెక్కలు రెండూ వెనకబడ్డాయని టీచరు అన్నారు. నాకు ఒడియా కొద్దిగా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అప్పడాలు ఒత్తే పని ముగించుకుని సాయంత్రం వాడిని పుస్తకం ముందు కూర్చోబెడితే, గంట తిరిగేసరికి కొట్టడం దాకా వస్తోంది. మొన్న పుస్తకం తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచేశాడు. మా తోటికోడలు ఇక్కడే పుట్టి పెరిగింది. ఆమె కూతురు అదే తరగతి, గడగడా చదువుతుంది. ‘తల్లికే రాకపోతే పిల్లాడికి ఎక్కడి నుంచి వస్తుంది’ అని మా అత్తగారు అందరి ముందూ అంటారు. ఇంట్లో తెలుగు మానేసి ఒడియాలోనే మాట్లాడాలా? ట్యూషన్‌కు పంపాలా?

— ఒక తల్లి, బరంపురం

జవాబు: ముందుగా ఆ సాయంత్రపు గంటను ఆపేయండి. ఈ రోజు నుంచే. పుస్తకం దాచిన పిల్లాడికి చదువు మీద కన్నా, పుస్తకం తెరిచాక జరగబోయే దాని మీద భయం ఎక్కువగా ఉంది. వాడిని దగ్గరకు తీసుకుని, ‘ఇక నుంచి చదువు కోసం నిన్ను కొట్టను’ అని నోటితో చెప్పండి. చెప్పాక నిలబెట్టుకోండి. చేయి లేవబోతోందని మీకు అనిపించిన క్షణంలో పుస్తకం మూసి లేచిపోండి. ఆ రోజుకు చదువు పోయినా ఫరవాలేదు. ఈ ఒక్కటీ జరగకపోతే నేను కింద రాసేవేవీ పనిచేయవు.

తెలుగు మానకండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఒడియాలో మీరు వాడితో ఏం మాట్లాడగలరు? రా, తిను, పడుకో. తెలుగులో అయితే వాడు ‘ఎందుకు’ అని అడగగలడు, మీరు విడమరిచి చెప్పగలరు, ఇద్దరూ వాదించుకోగలరు. ఆలోచన పెరిగేది అక్కడే. వీలున్నచోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనే బోధన ఉండాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెబుతోంది. మీవాడికి బడిలో ఆ వీలు దొరకలేదు కనుక ఇంట్లో దాని అవసరం ఇంకా ఎక్కువ. మీ వైపునే ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లల చదువు కోసం తాను సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు తయారుచేశారు. అంత పెద్ద పండితుడు పిల్లల ఇంటి మాట దగ్గరకే నడిచి వెళ్లారు. మీరు ఆ మాటలోనే ఉన్నారు. దాన్ని వదులుకోవద్దు.

లెక్కల సంగతి చూద్దాం. తెలుగులో ఇరవై తొమ్మిది అంటే ఇరవై, తొమ్మిది రెండూ చెవికి వినబడతాయి. అదే సంఖ్యను ఒడియాలో అణతిరిశి అంటారు, ముప్పైకి ఒకటి తక్కువ అనే లెక్కలో. ఇరవై ఒకటి ఎకోఇశి. వందలోపు ఇలాంటి పేర్లు చాలావాటిని విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి. టీచరు అణతిరిశి అన్నప్పుడు వాడు తెల్లబోతున్నాడంటే, లెక్క వచ్చి ఉండి కూడా పేరు అందక కావచ్చు. ఈ రెండింటినీ మీరు ఇంట్లోనే విడదీసి చూడగలరు.

దానికి కావలసిన సామగ్రి మీ చేతి కిందే ఉంది. ఎండిన అప్పడాలను పదేసి దొంతరలుగా పేర్చమనండి. రెండు దొంతరలు, విడిగా తొమ్మిది. ఎన్ని? తెలుగులో చెప్పనివ్వండి. ‘ఇంకొకటి వేస్తే?’ అని అడగండి. విడివి పదై మూడో దొంతర అయిపోవడం వాడి కళ్ల ముందే జరుగుతుంది. పదుల స్థానం, ఒకట్ల స్థానం అని పుస్తకం చెప్పేది ఇదే. తరువాత ఆ ఒకటి తీసేసి మళ్లీ ఇరవై తొమ్మిది చేసి, ‘దుకాణం అతను పన్నెండు పట్టుకెళితే?’ అనండి. ఒక దొంతర ఇచ్చేసి, విడివాటిలోంచి రెండు తీస్తాడు. విడివి సరిపోని లెక్క ఇస్తే దొంతర విప్పాల్సి వస్తుంది. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం అంటే అదేనని చేత్తో తెలుస్తుంది. ఇదంతా అయ్యాక, ‘దీన్ని మీ బడిలో ఏమంటారు?’ అని అడిగి వాడి చేత ఒడియా పేరు చెప్పించండి. గుర్తు లేకపోతే మర్నాడు టీచరును అడిగి రమ్మనండి. పావుగంట చాలు. వాడు ఇంకా కావాలంటున్నప్పుడే ఆపడం మంచిది. అయితే ఇది పని చేయించుకోవడానికి సాకు కాకూడదు. వాడు లెక్కపెట్టేవాడు మాత్రమే, అప్పడాలు ఒత్తేవాడు కాదు. అప్పడాలు లేని రోజున చింతపిక్కలు, చీపురుపుల్లల కట్టలు పనికొస్తాయి.

అక్షరాల విషయంలో మీకు రాకపోవడమే మంచిదైంది. పలక తీసుకుని వాడి ముందు కూర్చోండి. ‘నాకు ఒడియా రాయడం నేర్పు’ అనండి. నటించనక్కరలేదు, మీకు నిజంగానే రాదు. రోజుకు నాలుగైదు అక్షరాలు. వాడు రాస్తాడు, మీరు చూసి రాస్తారు, మీరు తప్పు రాస్తే వాడు సరిచేస్తాడు. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ వరస రెండు భాషల్లోనూ ఒకటే కనుక మీరు త్వరగా పట్టుకుంటారు. ఒడియాలో ఎ, ఏలకూ ఒ, ఓలకూ వేరువేరు అక్షరాలు లేవు. మనం వ పలికే చాలా చోట్ల వాళ్లు బ పలుకుతారు. మీవాడు వినేది తెలుగు చెవితో కనుక ఇక్కడ తడబడటం సహజం. అలాంటి తప్పులకు ‘ఇంత కూడా రాదా’ అనకండి. బజారుకు వెళ్లినప్పుడు కొట్ల బోర్డుల మీద ఆ రోజు అక్షరాలు వెతకండి. ముందు ఎవరు కనిపెడితే వాళ్లు గెలిచినట్టు.

మీ అత్తగారి మాట మిమ్మల్ని ఎంత నొప్పించిందో అర్థమైంది. ఆమెతో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి: ‘అత్తయ్యా, వాడి ముందు అలా అంటే వాడు ఇంకా ముడుచుకుపోతున్నాడు. మీకు వచ్చినన్ని కథలు నాకు రావు. రాత్రిపూట మీరు ఒక కథ చెప్పండి.’ కథ అయ్యాక వాడు దాన్ని తిరిగి చెప్పాలి, ఒక బొమ్మ వేయాలి. బొమ్మ కింద వాడు చెప్పిన మాటను మీరు తెలుగులో రాసి, వేలు పెట్టి చదివి వినిపించండి. మీ ఊళ్లో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి అమ్మవారి యాత్రలో పులి వేషాలు చూసిన పిల్లాడికి చెప్పడానికి కబుర్లు కరవుండవు. తోటికోడలి కూతురితో పోలిక మాత్రం ఇంట్లో ఎవరూ తేకుండా చూడండి. ఆ పాపకు ఒడియా తల్లి నోటి నుంచే వచ్చింది.

ట్యూషన్ ఇప్పుడు వద్దు. బడిలో నోరు విప్పని పిల్లాడిని మరో గదిలో నోరు మూయించి కూర్చోబెట్టడమే అవుతుంది. వీధిలో ఒడియా పిల్లలతో రోజూ ఒక గంట ఆడనివ్వండి. మాట అక్కడ వస్తుంది. మీ వారు ఆదివారం కూరగాయలకు వాడిని వెంట తీసుకెళ్లి డబ్బు లెక్క వాడి చేతికి ఇస్తే బాగుంటుంది.

టీచరును మళ్లీ కలవండి. ‘ఇంట్లో తెలుగులో లెక్క చెబుతున్నాడు. క్లాసులో కూడా ముందు తెలుగులో చెప్పనిచ్చి, తరువాత ఒడియా మాట అందించగలరా?’ అని అడగండి. బరంపురంలో తెలుగు అర్థమయ్యే టీచర్లు చాలామంది ఉంటారు.

చివరగా ఒకటి గమనించండి. తెలుగులో కథ తిరిగి చెప్పగలిగితే, రెండు మూడు పనులు ఒకేసారి చెప్పినా చేసుకొస్తే, వాడి బుర్ర గురించి బెంగ అక్కరలేదు. తెలుగులో కూడా తడబడుతున్నా, పిలిస్తే పలకకపోయినా, పలకను ముఖానికి దగ్గరగా పెట్టుకుంటున్నా కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. ప్రభుత్వ బడుల పిల్లలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ పరీక్షలు ఉచితంగా చేస్తారు. వైద్య బృందం ఎప్పుడు వస్తుందో ప్రధానోపాధ్యాయులను అడిగితే చెబుతారు.