వేరే దేశాల బిల్డింగుల్లో ఏం చూడాలి?

ప్రశ్న: సార్, నేను ఆర్కిటెక్చర్ థర్డ్ ఇయర్. ఫోన్ నిండా ఫారిన్ బిల్డింగుల ఫోటోలే, కానీ నేను డిజైన్ చేస్తే అన్నీ కలిపి కాపీ కొట్టినట్టే వస్తోంది. ఇన్‌స్పిరేషన్ అంటే అసలు ఎలా తీసుకోవాలి?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఫోటోలన్నీ పక్కన పెట్టి ఒక్క బిల్డింగు పట్టుకోమ్మా. నన్నడిగితే ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశంలో గాండో అనే పల్లెలో 2001లో పూర్తయిన ప్రైమరీ స్కూల్. కట్టిన ఫ్రాన్సిస్ కేరేది ఆ ఊరే, బెర్లిన్‌లో చదువుకుంటూనే డబ్బు పోగుచేసి ఊరివాళ్ళతో కలిసి కట్టాడు. అక్కడ ఎండలు మనకేం తీసిపోవు, రేకుల కప్పు వేస్తే లోపల పిల్లలు ఉడికిపోతారు, అందుకని ఆయన ఏం చేశాడంటే మట్టిలో కొంచెం సిమెంట్ కలిపి ఇటుకలు చేయించి గోడలు కట్టాడు, పైన గాలి దూరేలా ఇటుకలు పేర్చి సీలింగ్ పెట్టాడు, రేకు కప్పుని దానికి తగలకుండా ఇనుప చువ్వల ఫ్రేమ్ మీద ఎత్తుగా నిలబెట్టాడు. వేడి గాలి పైకెళ్ళి ఆ ఖాళీలోంచి బయటికి పోతుంది, చల్లగాలి కిటికీల్లోంచి వస్తుంది. ఏసీ లేదు! చూరు కూడా బయటికి బాగా చాచాడు, గోడల మీద ఎండా వానా పడకుండా. నాకెంత ఇష్టమో ఆ కప్పంటే. దీనికి 2004లో ఆర్కిటెక్చర్‌కిచ్చే ఆగా ఖాన్ అవార్డు వచ్చింది, 2022లో ఆయనకి ఈ రంగంలో చాలా పెద్దదైన ప్రిట్జ్‌కర్ అవార్డు కూడా ఇచ్చారు, ఆఫ్రికా నుంచి అది అందుకున్న మొదటి ఆర్కిటెక్ట్ ఆయనే.

నువ్వు ఆ కప్పు షేప్ గీయకు, సెక్షన్, అంటే బిల్డింగుని నిలువుగా కోస్తే లోపల ఎలా కనిపిస్తుందో ఆ బొమ్మ గీయి, గాలి ఎటునుంచి ఎటు పోతోందో బాణాలు పెట్టు. తర్వాత మీ వీధిలో రేకుల ఇల్లు ఒకటి చూసుకుని దానికీ అలాగే సెక్షన్ గీసి పక్కపక్కన పెట్టుకో, మీ డిజైన్ అక్కణ్ణుంచి మొదలుపెట్టు.