తేనెతో చేసిన పండ్ల సాస్.. షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

ప్రశ్న: మావారి వయసు 54. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఈమధ్య హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.4 వచ్చింది. భోజనం కాగానే ఏదో ఒక తీపి ఉండాల్సిందే. బయటి సాస్ ఎందుకని 400 గ్రాముల స్ట్రాబెర్రీలు, 150 గ్రాముల తేనెతో ఇంట్లోనే చేస్తున్నాను. ఐస్‌క్రీమ్ మీద పోసుకుని తింటున్నారు. చక్కెర వేయలేదు కాబట్టి ఫర్వాలేదా? ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?
– ఓ పాఠకురాలు

జవాబు: చక్కెర మానేశారు, బాగుంది. కానీ దాని స్థానంలో తేనె వచ్చి కూర్చుంది. రక్తంలోకి చేరాక ఈ రెండింటికీ పెద్ద తేడా ఉండదు. పైగా తేనె బరువెక్కువ. టేబుల్ స్పూన్ చక్కెర పన్నెండు, పదమూడు గ్రాములు తూగితే అదే స్పూన్ తేనె 21 గ్రాములు తూగుతుంది. అందులో చక్కెరలే దాదాపు 17 గ్రాములు. ‘తేనే కదా’ అనుకున్నప్పుడే చేయి జారుతుంది.

మీ కొలతలే చూద్దాం. 400 గ్రాముల స్ట్రాబెర్రీల్లో సహజంగా ఉండే చక్కెర సుమారు 20 గ్రాములు. మీరు పోసిన తేనెలో 120 గ్రాముల పైమాటే. అంటే గిన్నెలోని తీపిలో ఏడింట ఆరు వంతులు తేనెదే, పండుది ఒక్క వంతు. ఉడికాక 400 గ్రాముల సాస్ వస్తుందనుకుంటే, రెండు టేబుల్ స్పూన్లకు 14 గ్రాములు, అంటే మూడున్నర టీస్పూన్ల చక్కెర తిన్నట్టే. తేనెతో సహా ఇలా విడిగా చేరే చక్కెరలు పెద్దవాళ్లకు రోజుకు 25 గ్రాముల లోపుంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐస్‌క్రీమ్ లెక్క నేనింకా వేయనేలేదు!

సాస్ మానక్కర్లేదు, తేనె మానండి. బాగా పండినవే ఎంచుకోండి. పుల్లటి కాయలు తెస్తే తీపి కలపక తప్పదు. సగం పండ్లను చిదిమి, రెండు స్పూన్ల నీళ్లతో స్టీల్ గిన్నెలో సన్నని సెగ మీద పెట్టండి. గరిటె వెనక వేలితో గీత గీస్తే అది చెరగకుండా నిలిచిందంటే చాలు, దించేయొచ్చు. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది కాబట్టి కార్న్‌ఫ్లోర్ అవసరం లేదు, అదీ పిండి పదార్థమే. మిగతా సగం ముక్కలుగా కోసి దించేముందు కలపండి. వడకట్టకండి, పీచు పోతుంది. చివర్లో కాస్త నిమ్మరసం. ఇలా చేస్తే రెండు స్పూన్లకు చక్కెర మూడు గ్రాములు దాటదు. తీపి చాలదంటే చక్కెర లేకుండా తీపినిచ్చే స్టీవియా గానీ సుక్రలోజ్ గానీ వాడొచ్చు. అస్పర్టేమ్ అయితే చల్లారాకే కలపాలి, వేడికి దాని తీపి తగ్గిపోతుంది.

ఐస్‌క్రీమ్ ఏ పుట్టినరోజుకో ఉంచి, మామూలు రోజుల్లో తీపి కలపని గట్టి పెరుగు మీద వేసివ్వండి. తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూడండి. 180 దాటుతుంటే పరిమాణం తగ్గించాలి. అంతేగానీ, తీపి తిన్నాం కదా అని మాత్ర ఒకటి ఎక్కువ వేసుకోకూడదు. చాలామంది చేసే పనే ఇది.

ఇక నిల్వ. తీపి తగ్గితే సాస్ త్వరగా పాడవుతుంది. శుభ్రమైన గాజు సీసాలో, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులే. బూజు కనిపిస్తే పైపైన తీసేసి వాడొద్దు, మొత్తం పారేయండి. ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టిస్తే రెండు మూడు నెలలు ఉంటుంది. ఇందులో ఇంకో సుఖం ఉంది: ఒక్కో గడి సుమారు రెండు స్పూన్లు పడుతుంది, పూటకొకటి తీసిస్తే కొలత గొడవే ఉండదు.

మీవారు కొలెస్ట్రాల్‌కు ఆటార్వాస్టాటిన్ గానీ సిమ్వాస్టాటిన్ గానీ వాడుతుంటే గ్రేప్‌ఫ్రూట్‌తో మాత్రం సాస్ చేయకండి. పేరు చూసి ద్రాక్ష అనుకునేరు, అది నారింజ జాతి పండు. ఆ మందు మోతాదును రక్తంలో పెంచేస్తుంది. కిడ్నీ సమస్య కూడా ఉంటే ఏ పండు ఎంత తినాలో డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి.