నిద్రలో తాకితే గుర్రుమంటున్న గ్రేహౌండ్

రేసుల నుంచి తెచ్చుకున్న మీ గ్రేహౌండ్ (పరుగు పందాల జాతి కుక్క) పడుకున్నప్పుడు తల నిమిరితే గుర్రుమని మీదికి వచ్చిందన్నారు కదా, అది చాలావరకు నిద్రలో ఉలిక్కిపడటమే. దానికి "కరిచే కుక్క" అని పేరు పడింది కూడా ఇందుకే కావచ్చు. రేసు కెన్నెల్‌లో, అంటే పందెం కుక్కల్ని ఉంచే చోట, పెరిగిన గ్రేహౌండ్ చాలాచోట్ల తన గూట్లో ఒంటరిగా పడుకుంటుంది. నిద్రలో మనిషి చెయ్యి తగలడం పాపం దానికి కొత్త.

అందరూ పొరపడేది ఒక్కచోటే: కళ్లు తెరిచి ఉంటే మెలకువగా ఉందనుకుంటారు. చాలా గ్రేహౌండ్‌లు కళ్లు తెరుచుకునే నిద్రపోతాయి. కళ్లు కాదు, తల ఎత్తిందా లేదా చూడండి.

1. కాస్త దూరం నుంచే పేరు పెట్టి పిలవండి. తల ఎత్తి మీ వైపు చూసేదాకా చెయ్యి చాపొద్దు. తనే లేచి మీ దగ్గరికి వస్తే ఇంకా మంచిది.
2. ప్రస్తుతానికి సోఫా, మంచం వద్దు. మనుషులు తిరగని మూలలో మెత్తటి పరుపు వేయండి.
3. పిల్లలుంటే మధ్యలో బేబీ గేట్ (పిల్లలు దాటకుండా పెట్టే చిన్న అడ్డు గేటు) తప్పనిసరి.
4. గుర్రుమన్నందుకు తిట్టకండి. అది హెచ్చరిక. దాన్ని మాన్పిస్తే రేపు చెప్పకుండా కరవొచ్చు.
5. మెలకువలో తాకినా గుర్రుమంటే నొప్పి ఉందేమో. పళ్లు, నడుము వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. ఈ జాతిలో పళ్ల జబ్బులు ఎక్కువ.