దగ్గితే మూత్రం పడుతోంది.. కొలాజెన్ పౌడర్ వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 47. రెండూ నార్మల్ కాన్పులే. ఐదేళ్ల కిందట గర్భసంచి తీసేశారు. ఏడాదిగా దగ్గినా, తుమ్మినా, మెట్లెక్కినా మూత్రం చుక్కలు పడుతున్నాయి. ఇన్‌ఫెక్షనేమోనని మెడికల్ షాపులో అడిగి రెండు మూడు సార్లు యాంటీబయాటిక్ వాడాను, తగ్గలేదు. బీపీ మాత్రలు వేసుకుంటాను. పొడి దగ్గు వదలడం లేదు. మా అక్కకు గర్భసంచి జారింది. కనెక్టివ్ టిష్యూ (అవయవాలను పట్టి ఉంచే కణజాలం) బలహీనపడితే ఇలా అవుతుందని, కొలాజెన్ పౌడర్ తాగితే బిగుస్తుందని యూట్యూబ్‌లో విన్నాను. వాడొచ్చా? ఆపరేషన్ తప్పదా?
- ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పౌడర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పొడి దగ్గు ఎప్పుడు మొదలైందో గుర్తు చేసుకోండి. మీరు బీపీ మాత్ర పేరు రాయలేదు. రామిప్రిల్, ఎనాలాప్రిల్ లాంటివి కొందరికి ఎంతకీ వదలని పొడి దగ్గు తెప్పిస్తాయి. ప్రాజోసిన్ లాంటివి మూత్రనాళాన్ని వదులు చేసి లీకేజీని పెంచవచ్చు. వీటికి బదులు వేరే మందులు ఉన్నాయి. అలాగని రేపే మానేయకండి! బీపీ చూసే డాక్టర్‌నే అడగండి.

కనెక్టివ్ టిష్యూ గురించి మీరు విన్నది చాలావరకు నిజమే. మూత్రాశయాన్ని కింద నుంచి మోసేది కండరాలు మాత్రమే కాదు. వాటిని కటి ఎముకలకు పట్టి ఉంచే లిగమెంట్లు, పొరలు కూడా. ఆ పొరలకు గట్టిదనం కొలాజెన్ వల్ల, సాగి మళ్లీ కుదుటపడే గుణం ఎలాస్టిన్ వల్ల వస్తాయి. నీళ్ల పైపును బండ మీద తొక్కితే నీళ్లు ఆగుతాయి, బురదలో తొక్కితే ఆగవు. దగ్గినప్పుడు మూత్రనాళం కింద జరిగేదీ ఇదే. కాన్పుల్లో ఆ పొరలు సాగుతాయి, ఈస్ట్రోజన్ తగ్గే వయసులో పలచబడతాయి. గర్భసంచి తీసేటప్పుడు కొన్ని లిగమెంట్లను కోయాల్సి వస్తుంది. అక్కకూ సమస్య ఉందంటే వంశపారంపర్యంగా కూడా కొంత ఉండొచ్చు. హెర్నియా ఉన్నా, కీళ్లు మామూలు కంటే ఎక్కువగా వంగుతున్నా డాక్టర్‌కు చెప్పండి.

పౌడర్ కడుపులో అరిగిపోతుంది. అది నేరుగా వెళ్లి లిగమెంటును బిగిస్తుందనడానికి గట్టి ఆధారాల్లేవు.

ఇక మీ మెడికల్ షాపు వైద్యం. మూత్ర పరీక్ష లేదు, ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ లేదు, రెండు మూడు కోర్సులు మింగేశారు! మంట, మాటిమాటికీ రావడం, జ్వరం ఏదీ రాయలేదు. దగ్గినప్పుడు మాత్రమే పడే చుక్కలకు యాంటీబయాటిక్ ఏం చేస్తుందమ్మా? రేపు నిజంగా ఇన్‌ఫెక్షన్ వస్తే ఆ మందు పనిచేయకపోవచ్చు. అదే షాపులో 'కంట్రోల్ మాత్రలు' ఇస్తామన్నా తీసుకోకండి. అవి ఆపుకోలేనంత అర్జంటుగా వచ్చే మూత్రానికి. మీ లక్షణాలు వేరు. లీకవుతుందని నీళ్లు తాగడం కూడా తగ్గించకండి.

ఆపరేషన్ మొదటి మెట్టు కాదు. మూత్రాశయాన్ని మోసే ఆ కటి కండరాలను ఎనిమిది సార్లు బిగించి వదలడం, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు చేయాలి. సరైన కండరాన్నే బిగిస్తున్నారో లేదో ఒకసారి ఫిజియోథెరపిస్ట్‌తో చూపించుకోండి, చాలామంది పొట్ట బిగిస్తారు. బరువు, మలబద్ధకం తగ్గాలి. పొడిబారితే యోనిలో రాసే ఈస్ట్రోజన్ క్రీమ్ అవసరమో కాదో పరీక్షించాకే చెప్పగలం. అప్పటికీ తగ్గకపోతే స్లింగ్ ఆపరేషన్ (మూత్రనాళం కింద పట్టీలా ఆసరా అమర్చడం) గురించి మాట్లాడుకోవచ్చు.

మూత్రంలో రక్తం, రాత్రింబవళ్లు ఆగని లీకేజీ, కాళ్ల తిమ్మిరి, మూత్రం రాకుండా ఆగిపోవడం.. వీటిలో ఏది ఉన్నా వెంటనే వెళ్లండి. పరీక్ష చేయకుండా ఇంతకంటే చెప్పలేను. గాంధీ ఆస్పత్రిలో గైనిక్, యూరాలజీ రెండూ ఉన్నాయి. బీపీ మాత్రల స్ట్రిప్, గర్భసంచి ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ పట్టుకెళ్లండి. అండాశయాలు తీశారో లేదో అందులో ఉంటుంది. మూత్రం పోసుకుని వెళ్లకండి, దగ్గించి చూడాల్సి ఉంటుంది.
- గైనకాలజిస్ట్, హైదరాబాద్