చేతులెత్తించకండి అక్కా, చీటీలు పెట్టండి

మిర్యాలగూడ అక్కా, మీ బడిలో ప్రెసిడెంట్ ఎన్నిక సరిగ్గా ఎలా పెట్టాలని అడిగారు, మీ బాధ అర్థమైంది. పేరెంట్స్ వాలంటీర్ల గ్రూపుకు మూడేళ్లుగా ఒకరే ప్రెసిడెంట్. ప్రతిసారీ వాట్సాప్‌లో "అభ్యంతరం ఉందా?" అని అడగడం, ఎవరూ పలక్కపోతే ఏకగ్రీవం అనేయడం. మా మహబూబ్‌నగర్‌లోనూ ఇదే తంతు నడిచింది.

ముందు వాట్సాప్ పోల్ ఆలోచన మానుకోండి. మామూలు పోల్‌లో ఎవరు ఎటు నొక్కారో అందరికీ కనబడుతుంది. పిల్లలు ఒకే క్లాసులో ఉంటే ఎవరు తెగించి వ్యతిరేకంగా నొక్కుతారు? మేం ఖాళీ స్వీటు డబ్బా మూతకు బ్లేడుతో చీలిక పెట్టి, అందులో చీటీలు వేయించాం. బయటి చీటీ కలవకుండా ప్రతి చీటీ వెనక స్కూలు ముద్ర వేయించాం. పోటీలో లేని ఇద్దరు ఒక్కోటీ విప్పి, అందరికీ చూపించి మరీ లెక్కపెట్టారు.

ఎందరు పిల్లలున్నా ఇంటికి ఒక్కటే ఓటు. ఇది ముందే రాసి పెట్టండి, గొడవంతా ఇక్కడే వస్తుంది. ప్రోగ్రెస్ కార్డులిచ్చే రోజే ఎన్నిక పెట్టండి. ఊళ్ల నుంచి బస్సులో వచ్చేవాళ్లు దీనికోసం ఇంకో రోజు కూలి వదులుకుని రారు.

సర్కారు బడుల యాజమాన్య కమిటీల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. మీది ప్రైవేటు బడి గ్రూపు కాబట్టి వర్తించదు, అయినా ఆ పద్ధతి తీసుకుంటే తప్పేం లేదు. మా దగ్గరైతే పనంతా అమ్మలది, మైకు నాన్నలది!

ఓట్లు సమానమైతే ఒకటో తరగతి పాపతో చీటీ తీయించండి. పాత ప్రెసిడెంట్‌తో మాత్రం గ్రూపు డబ్బు లెక్కలు ఓటింగుకు ముందే చదివించండి, తర్వాత దొరకరు.