అమెరికాలో ఉంటూ హైదరాబాద్ ఫ్లాట్‌కి మంచి అద్దెదారుల్ని చూసుకోవడం ఎలా?

డల్లాస్‌లో ఉండి కూకట్‌పల్లి ఫ్లాట్ అద్దెకివ్వాలంటే ముందు వెతకాల్సింది అద్దెదారుని కాదు, తాళంచెవి దగ్గర పెట్టుకునే నమ్మకమైన మనిషిని. మొహమాటంతో అద్దె అడగలేని బావమరిది కన్నా నెలకింత అని తీసుకునే కేర్‌టేకర్ నయం. మీ బదులు ఆయనే సంతకం పెట్టాలంటే కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపండి. అది ఇండియా చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి.

అద్దెకొచ్చేవాళ్ల ఆధార్, ఉద్యోగం వివరాలు ఎలాగూ చూస్తారు. నేనైతే వాళ్ల పాత ఇంటి ఓనర్‌కి ఫోన్ చేస్తాను. ఇప్పటి ఓనర్ వదిలించుకోవడానికి పొగడొచ్చు, అంతకుముందాయనకి ఆ అవసరం ఉండదు.

చాలామంది మర్చిపోయేది టీడీఎస్. ఓనర్ ఎన్నారై అయితే అద్దె ఎంత చిన్నదైనా అద్దెదారు సాధారణంగా అందులోంచి 31.2 శాతం పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఈ సంగతి మొదట్లోనే చెప్పకపోతే తర్వాత ఇద్దరికీ టెన్షన్. తక్కువ కోత కావాలంటే ఆదాయపు పన్ను శాఖకు మీరే దరఖాస్తు పెట్టుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు.

వచ్చినవాళ్లు నిలవాలంటే గీజర్ పాడైందన్న వారంలోనే బాగుచేయించండి. 11 నెలల అగ్రిమెంట్ తిరగరాసేటప్పుడు వెయ్యి కోసం పట్టుబట్టి, రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉంచుకుని, మెయింటెనెన్స్ కూడా చేతి నుంచి కట్టుకున్నవాళ్లని చూశాను.