రెండో రోజు నాగా పడనివ్వకు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పిల్లాడి హాజరు తగ్గిందని బడి నుంచి చీటీ వచ్చిందని రాశావు. కంగారు పక్కనపెట్టి ముందు లెక్క చూడు. 90 పనిదినాల్లో వాడు వెళ్లింది 60. అంటే 67 శాతం కూడా లేదు. బడి అడిగేది 75. ఆ గీత అందాలంటే మానిన రోజులకు నాలుగు రెట్లు పనిదినాలు జరగాలి. 30 మానాడు కాబట్టి 120. ఇక్కణ్ణుంచి 30 రోజులు ఒక్క నాగా లేకుండా వెళ్తే అప్పటికి సరిగ్గా 75. మధ్యలో ఒక్కరోజు మానాడా, ఆ గీత ఇంకో నాలుగు రోజులు అవతలికి జరుగుతుంది. ‘ఏడాది ఇంకా ఉందిలే’ అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

సెలవు చీటీ ఇచ్చాం కదా అంటావేమో. టీచర్ సెలవు ఒప్పుకున్నంత మాత్రాన రిజిస్టర్‌లో హాజరు పడదు. మామూలుగా అది ఆబ్సెంటే. కారణం ఉన్న ఆబ్సెంటు, అంతే. డాక్టర్ సర్టిఫికెట్ చివర్లో మినహాయింపు అడగడానికి పనికొస్తుంది, అదీ తేదీలు సెలవు చీటీతో కలిస్తేనే. అందుకే చీటీలో పేరు, తరగతి, సెక్షన్, రోల్ నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, కారణం ఒక్క వాక్యంలో రాసి, ఇచ్చేముందు ఫోటో తీసి ఉంచుకో. పెళ్లికి వెళ్లి జ్వరమని రాయకు. రాస్తే, రేపు వాడు నీకు అదే జ్వరం చెబుతాడు.

పూటకోసారి హాజరు వేస్తారో, రోజుకోసారో, ఎన్ని నిమిషాలు ఆలస్యమైతే పూట పోతుందో ఆఫీసులో అడుగు. పళ్ల డాక్టరు దగ్గరికి మధ్యాహ్నం వెళ్లాల్సి ఉంటే పొద్దున పంపి, హాజరు పడ్డాక తీసుకెళ్లు. రోజంతా పోయేది పూటతో పోతుంది.

ఇక అసలు సంగతి. మొదటి రోజు మానడం పెద్ద ప్రమాదం కాదు. రెండో రోజే ప్రమాదం. నిన్న ఏం చెప్పారో తెలియదు, నోట్సు లేదు, టీచర్ లేపి అడుగుతుందని భయం. జ్వరం తగ్గినా ఆ భయం తగ్గదు. కాబట్టి మానిన రోజు సాయంత్రమే తోటి పిల్లల ఇంటికి ఫోన్ చేసి, రేపు ఏం చూస్తారో, ఏం అడుగుతారో కనుక్కో. మొత్తం నోట్సు ఎక్కించమని కూర్చోబెట్టకు. రేపటికి కావాల్సిన ఒక్క పేజీ చాలు, మిగతాది ఆదివారం. ఇంట్లో ఉన్న రోజు టీవీ, ఫోను వద్దు. పడుకోవాలి, లేదంటే పుస్తకం.

గోడ క్యాలెండర్‌లో మానిన ప్రతి తేదీ చుట్టి, పక్కన కారణం రెండు ముక్కల్లో రాయి. నెల తిరిగేసరికి వరస కనిపిస్తుంది. అన్నీ సోమవారాలైతే ఆదివారం నిద్ర చెడుతోందన్నమాట. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 గంటలకు తగ్గకూడదు. అన్నీ ఒకే పీరియడ్ ఉన్న రోజులైతే చిక్కు ఆ పీరియడ్‌లోనే ఉంది. బడికి వెళ్లే పొద్దున కడుపునొప్పి వచ్చి, బస్సు వెళ్లిపోగానే మాయమై, సెలవుల్లో అసలు రాకపోతే దాన్ని దొంగనొప్పి అనకు. భయానికి కడుపు నిజంగానే నొప్పెడుతుంది. ‘ఎందుకు వెళ్లవు?’ అంటే ఏ పిల్లాడూ చెప్పడు. బస్సులో పక్కన ఎవరు కూర్చుంటారు, బోర్డు కనిపిస్తోందా, బాత్రూముకు వెళ్తున్నావా అని ఒక్కొక్కటే అడుగు. బాటిల్లో నీళ్లు నింపినవి నింపినట్టే తిరిగొస్తుంటే బాత్రూము సంగతి గట్టిగా ఆరా తీయి.

అలాగని ఒంట్లో బాగాలేనివాణ్ణి తోలకు. మందు వేయకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పంపు. వాంతులు, విరేచనాలు ఆగాక 48 గంటలు ఉంచు. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టాలి. జ్వరం లేని మామూలు జలుబుకూ, తలలో పేలకూ మానిపించక్కర్లేదు. ఏడాదంతా మాననివాళ్లకు ఇచ్చే బహుమతి మాత్రం నాకు నచ్చదు. దానికోసం జ్వరంతో వచ్చి పక్కవాళ్లకు అంటిస్తారు.

క్లాస్ టీచర్‌ను కలిసేటప్పుడు ఆ క్యాలెండర్ పట్టుకెళ్లి, రిజిస్టర్‌తో తేదీలు ఒక్కొక్కటే సరిచూడు. బడి తరఫున పోటీలకు వెళ్లిన రోజులూ, ఆలస్యంగా వెళ్లిన పూటలూ ఒక్కోసారి ఆబ్సెంటుగా మిగిలిపోతాయి. నెలాఖరు మొత్తాలు వేయకముందే దిద్దించు; వేశాక అంకె కదలడం కష్టం.

ఉంటాను,
పెద్దమ్మ